ఫిట్‌నెస్ కాగితమూ పాత స్పోర్ట్స్ కారూ

వాహనం రోడ్డు మీద నడవడానికి పనికివస్తుందని ప్రభుత్వం తరఫున ధ్రువీకరించే తనిఖీని చట్టం ఫిట్‌నెస్ పరీక్ష అంటుంది. పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాల్లో లారీ యజమానులూ డ్రైవర్లూ దాన్ని ‘ఎఫ్‌సీ’ అనీ, ఆ పని చేసే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును ‘బ్రేక్ ఇన్‌స్పెక్టర్’ అనీ వ్యవహరిస్తారు. ఈ పారిశ్రామిక ప్రాంతంలో ఆ పరీక్షకు వరుస కట్టేవి ప్రధానంగా లారీలు, టిప్పర్లు, ట్యాంకర్లు, కంపెనీ సిబ్బంది బస్సులు, స్కూలు బస్సులు, ఆటోలు. యాభై అరవై ఏళ్ల కిందట తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఆ వరుసలో కనిపించడం అరుదు. అలాంటి కారు వచ్చి, పరీక్షలో నెగ్గి, కాగితం చేతికి తీసుకుని వెళ్లినప్పుడు ఆ కాగితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్నది ఈ ప్రసంగంలో పరిశీలించవలసిన విషయం.

ఈ ప్రశ్న అడగడానికి పటేల్‌గూడ తగిన చోటు. సంగారెడ్డి జిల్లాలో అమీన్‌పూర్ పక్కన, బీరంగూడ, కిష్టారెడ్డిపేట, సుల్తాన్‌పూర్‌ల చేరువలో ఉన్న ఈ ఊరికి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు కూడా దగ్గరే. 158 కిలోమీటర్ల ఔటర్ మీద కార్లకు అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. ముత్తంగి దగ్గర దిగి 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కంటెయినర్ల మధ్య, రసాయనాల ట్యాంకర్ల మధ్య సాగవలసిన ప్రయాణం. 1960లలో ఇంగ్లండు రోడ్ల కోసం రూపొందిన, నేలకు జానెడు ఎత్తు కూడా లేని చిన్న కారు ఈ రోడ్ల మీదికి రావాలంటే దాని బ్రేకులూ స్టీరింగూ కాగితం మీద కాక నిజంగానే బాగుండాలి.

అలాంటి స్పోర్ట్స్ కార్లలో తెలుగు ప్రాంతాలకు అన్నిటికన్నా దగ్గరి చుట్టరికం ఉన్నది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ఇంగ్లండులో 1962 నుంచి 1980 దాకా ఈ కార్లు మూడు లక్షలకు పైగా తయారయ్యాయి. దీని అడుగు చట్రం ట్రయంఫ్ హెరాల్డ్ అనే కుటుంబపు కారు చట్రాన్ని కురచ చేసి రూపొందించినదే. రెండింటికీ రూపకల్పన చేసినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. అదే హెరాల్డ్‌ను 1961 నుంచి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ ‘స్టాండర్డ్ హెరాల్డ్’ పేరుతో తయారుచేసింది. అంబాసిడర్, ఫియట్‌ల తర్వాత దేశంలో దొరికే మూడో కారుగా అది తెలుగు పట్టణాల్లోనూ తిరిగింది. బానెట్టూ మడ్‌గార్డులూ కలిసి ఒకే ముక్కగా ముందుకు తెరుచుకునే ఆ కారును పాతతరం మెకానిక్కులు ఇప్పటికీ గుర్తుపడతారు. అందుకే స్పిట్‌ఫైర్ విదేశీ కారే అయినా దాని ముందు సస్పెన్షన్, వెనక ఇరుసు, వాటి జబ్బులు ఇక్కడి షెడ్లకు బొత్తిగా పరాయివి కావు.

చట్టం ఏమంటుందో ముందుగా చూడాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం లారీ, బస్సు, ఆటో వంటి రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ పైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష జరగాలి. సొంత వాడకపు కారుకు తొలి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అది తీరాక తనిఖీకి తీసుకువెళ్లి అయిదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. 2021 జులైలో కేంద్రం ఇదే నియమావళికి 81ఎ మొదలు 81జి వరకు కొత్త నియమాలు చేర్చి, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చట్రంలో గాని బాడీలో గాని ఇంజనులో గాని పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలోనే ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా గుర్తించింది. రాష్ట్రం నియమించే కమిటీ వాహనాన్ని చూసి అర్హత తేల్చాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000. నంబరు పలకపై రాష్ట్ర సంకేతం తర్వాత ‘వీఏ’ అనే అక్షరాలు ఉంటాయి. ఈ రిజిస్ట్రేషన్ చెల్లుబాటు పదేళ్లు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు నింపుకోవడం, మరమ్మతు వంటి పనులకు తప్ప రోజువారీ రాకపోకలకూ వ్యాపారానికీ ఇలాంటి వాహనాన్ని రోడ్డెక్కించకూడదు.

ఈ గడువులను వరుసగా పేర్చి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. పదేళ్ల లారీకి ఏడాదికోసారి, ఇరవై ఏళ్ల సొంత కారుకు అయిదేళ్లకోసారి, అరవై ఏళ్ల వింటేజ్ కారుకు పదేళ్లకోసారి ప్రభుత్వం ఎదుట నిలవవలసిన అవసరం వస్తోంది. బ్రిటన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ ‘ఎంఓటీ’ పేరిట 1960లో పదేళ్లు దాటిన కార్లకు మొదలైన పరీక్ష 1967 నాటికి మూడేళ్ల కార్లకే వర్తించేలా బిగిసింది. కాని పాత కార్ల విషయంలో దారి తిరగబడి, 1960కి ముందరి వాహనాలకు 2012లోనూ, 40 ఏళ్లు దాటి గత 30 ఏళ్లలో పెద్ద మార్పులు జరగని వాహనాలకు 2018 మే 20 నుంచీ మినహాయింపు లభించింది. పాత కార్ల యజమానులు వాటిని శ్రద్ధగా చూసుకుంటారనీ, అవి తక్కువ తిరుగుతాయనీ అందుకు చెప్పిన కారణాలు. జర్మనీ మాత్రం 30 ఏళ్లు దాటిన కార్లకు 1997 నుంచి ప్రత్యేకమైన ‘హెచ్’ నంబరు పలక ఇస్తూనే రెండేళ్లకోసారి పరీక్షను యథాతథంగా ఉంచింది. ఈ మూడింటిలో జర్మనీ పద్ధతే వివేకవంతమైనదని చెప్పడానికి సందేహించనక్కర్లేదు. ఎందుకంటే మినహాయింపులన్నిటి వెనకా ఉన్న ఊహ ఒక్కటే, తక్కువ తిరిగిన కారు తక్కువ అరుగుతుందన్నది, అది సగమే నిజం.

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనలో ఉన్న 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం పురమాయించినది. ఆయన మరణానంతరం చేరిన ఆ దర్బారు కారు తిరిగిన దూరం కొన్ని వందల మైళ్లు మాత్రమే. అయినా దాన్ని చూపరుల ముందు పెట్టడానికి పునరుద్ధరణ చేయవలసి వచ్చింది. కారులో కొన్ని భాగాలు దూరం వల్ల అరుగుతాయి: పిస్టన్ రింగులు, బేరింగులు, క్లచ్ ప్లేటు, బ్రేకు లైనర్లు. మరికొన్ని కాలం వల్ల చెడతాయి: రబ్బరు, ద్రవాలు, ఇనుప రేకు, వైర్ల మీది తొడుగు. లారీని ఏటా పరీక్షించడానికి రూపొందిన పద్ధతి మొదటి రకాన్ని బాగానే పట్టుకుంటుంది. షెడ్డులో కవరు కప్పుకుని ఏడాదిలో పది నెలలు నిలిచి ఉండే స్పోర్ట్స్ కారుకు ప్రమాదం తెచ్చేది రెండో రకం.

బ్రేకు ఆయిల్ ఇందుకు మంచి ఉదాహరణ. పెడల్ మీది ఒత్తిడిని నాలుగు చక్రాలకూ చేర్చే ఈ ద్రవం గ్లైకాల్ జాతికి చెందినది కాబట్టి గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, సుమారు 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస పరిమితి 155 డిగ్రీలకు పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి ఆ నీరు ఆవిరైతే, ఆవిరి ద్రవంలా ఒత్తిడిని చేరవేయదు గనుక పెడల్ ఒక్కసారిగా నేలకు దిగిపోతుంది. పటేల్‌గూడ చుట్టుపక్కల చదునైన రోడ్ల మీద ఆదివారం ఉదయం నడిపే కారులో ఈ లోపం ఏళ్ల తరబడి బయటపడదు. అదే కారు శ్రీశైలం ఘాట్‌కు వెళ్లిననాడు బయటపడుతుంది. తనిఖీ సమయానికి ఆయిల్ చల్లగా ఉంటుంది కాబట్టి పెడల్ గట్టిగానే తగులుతుంది, ఇన్‌స్పెక్టరుకు తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. ఆ ద్రవాన్ని చక్రం దగ్గరికి చేర్చే రబ్బరు గొట్టాలూ అంతే: బయటికి నున్నగా కనిపిస్తూనే లోపల ఉబ్బి దారి ముడుచుకుపోతాయి, అప్పుడు తొక్కిన బ్రేకు పడుతుంది గాని వదిలినా వదలదు.

టైర్ల సంగతి మరీ స్పష్టం. నియమం ప్రకారం కారు టైరుకు కనీసం 1.6 మిల్లీమీటర్ల గాడి లోతు ఉండాలి. ఏటా కొద్దిగా తిరిగే కారు టైరు ఇరవై ఏళ్లయినా ఆ కొలతలో నెగ్గుతుంది, రబ్బరు మాత్రం గట్టిపడి, పక్కగోడల్లో సన్నని పగుళ్లు తేలి, తడి రోడ్డుపై పట్టు కోల్పోతుంది. టైరు పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో ఉండే నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. 2316 అని ఉంటే 2016లో ఇరవైమూడో వారం. బ్రిటన్‌లో పదేళ్లు దాటిన టైర్లను లారీల, బస్సుల ముందు చక్రాలకు వాడకూడదని 2021 ఫిబ్రవరి నుంచి నిషేధించారు, కార్లకు ఆ నిషేధం లేదు. స్పిట్‌ఫైర్‌కు వేసే 13 అంగుళాల టైర్లు ఇక్కడి చిన్న కార్లకూ వాడుకలో ఉన్నవే. సదాశివపేట దగ్గర టైర్ల కర్మాగారమే ఉన్న జిల్లాలో టైరు దొరకలేదన్న సాకు చెల్లదు.

దీనికి తోడు ఈ దశాబ్దంలో కొత్త ఇబ్బంది ఒకటి వచ్చింది. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025 నాటికి దేశమంతటా సాధారణమైపోయింది. ఇథనాల్ నీటిని ఆకర్షిస్తుంది, అలాంటి ఇంధనం కోసం తయారుకాని పాత రబ్బరు గొట్టాలనూ పెట్రోలు పంపులోని పొరనూ మెత్తబరచి చీల్చగలదు, నిలవ ఉన్న ట్యాంకులో తుప్పును పెంచగలదు. వేడి ఇంజను పక్కన పెట్రోలు చెమర్చే గొట్టం ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు. పరీక్ష నాటికి పొడిగా ఉన్న గొట్టం మూడు నెలల్లో చెమర్చవచ్చు. పదేళ్ల గడువు కాగితానికి ఆ సంగతి తెలియదు.

ఇక స్పిట్‌ఫైర్‌కూ హెరాల్డ్‌కూ ఉమ్మడిగా ఉన్న అసలు బలహీనత దగ్గరికి రావాలి. ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కడ్డీ కింది కొస మర చుట్టలుగా చెక్కి ఉంటుంది. ఆ మర ‘ట్రనియన్’ అనే కంచు దిమ్మెలోకి బిగుస్తుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ కడ్డీ మర చుట్టల వెంబడి దిమ్మెలో కొద్దిగా తిరుగుతుంది, అంటే కారు ముందు భాగపు బరువూ గోతుల దెబ్బలూ ఆ మర చుట్టలే భరిస్తాయి. తయారీదారు దీనికి చిక్కని గేర్ ఆయిల్ పోయమన్నాడు. ఈ దేశపు షెడ్లలో ముందు ఇరుసుకు గ్రీజు గన్ను పెట్టడం అలవాటు. గ్రీజు లోపలి చుట్టల దాకా పోకుండా గట్టిపడి, ఆయిల్ వెళ్లవలసిన దారిని కూడా మూసేస్తుంది. అప్పుడు వాన నీరు చేరి, ఉక్కు మర అడుగున చిన్న చిన్న తుప్పు గుంటలు ఏర్పడి, వాటిలో ఒకటి పగులుగా మారి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి పార్కింగ్‌లో పెట్టేటప్పుడో, ఖర్మ కాలితే రహదారి మీదో కడ్డీ పుటుక్కున విరిగి చక్రం మడ్‌గార్డు కిందికి ఒరిగిపోతుంది.

తనిఖీ చేసేవాడు ఈ భాగాన్ని ఎలా చూస్తాడు? ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపి, కింద గడ్డపార లాంటి కమ్మీ పెట్టి ఎత్తి, ‘ప్లే’ ఉందేమో గమనిస్తాడు. ప్లే అంటే రెండు భాగాల మధ్య ఉండకూడని వదులు. అరిగిన ట్రనియన్ ఆ ఊపుకు దొరికిపోతుంది. పగిలిన కడ్డీ దొరకదు, ఎందుకంటే పగులు విరిగే క్షణం దాకా ఏ వదులూ ఇవ్వదు. పైగా ఈ పరీక్షలో భాగాలు విప్పే అధికారం ఇన్‌స్పెక్టరుకు ఉండదు. ఇక్కడైనా బ్రిటన్‌లోనైనా విప్పకుండా కంటికీ చేతికీ అందినంతవరకే చూడాలి. కాబట్టి ఆ కారుకు ఫిట్‌నెస్ ఇచ్చిన అధికారి విధి తప్పాడని అనడానికి వీల్లేదు.

వెనక ఇరుసు కథ వేరు. హెరాల్డ్ చట్రంలో, ఇంజను శక్తిని రెండు వెనక చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ నిశ్చలంగా ఉండి, దాని రెండు పక్కల ఇరుసులు పక్షి రెక్కల్లా పైకీ కిందికీ ఆడతాయి. అడ్డంగా వేసిన ఒకే కమాను కట్ట వాటిని పట్టి ఉంచుతుంది. వేగంగా మలుపు తిరుగుతూ మధ్యలో యాక్సిలరేటర్ వదిలేస్తే వెనక భాగం పైకి లేచి, చక్రాలు లోపలికి ముడుచుకుని, కారు గిర్రున తిరిగిపోయే ప్రమాదం ఉంది. 1970లో వచ్చిన నాలుగో తరం స్పిట్‌ఫైర్‌లో కమాను కట్టను కీలు మీద ఆడేలా అమర్చి ఈ దోషాన్ని చాలావరకు సవరించారు. అంతకు ముందరి కారు ఎంత బాగా ఉన్నా ఈ దోషంతోనే పుట్టింది. వాహనం తయారైన తీరుకు తగినట్టు ఉన్నదా అని మాత్రమే చూసే పరీక్ష దాన్ని తప్పించలేదు, వింటేజ్ నియమాలు ‘అసలు రూపం’ కోరుతున్నాయి గనుక యజమాని మార్చడానికి సంకోచిస్తాడు.

కొలతల శాస్త్రంలో పరీక్షను రెండు విధాలుగా తూస్తారు. ఒకే వస్తువును మళ్లీ మళ్లీ, వేరువేరు మనుషులు పరీక్షించినా ఒకే ఫలితం వస్తే ఆ పరీక్షకు విశ్వసనీయత ఉన్నదంటారు; ఆ ఫలితం నిజంగా తెలుసుకోదలచిన విషయాన్నే చెబుతుంటే ప్రామాణికత ఉన్నదంటారు. మొదటిది ఉండి రెండోది లేకపోవడం సాధ్యమే, పాత స్పోర్ట్స్ కారు విషయంలో తరచు జరిగేది అదే. 2021 సెప్టెంబరులో కేంద్రం నోటిఫై చేసిన ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల నియమాలు మనిషి అంచనాను తగ్గించి యంత్రాలకు పెద్దపీట వేశాయి. రోలర్ల మీద చక్రాలను తిప్పి బ్రేకు బలాన్ని కొలవడం, ఆడే పలకల మీద స్టీరింగ్ కీళ్ల వదులు చూడడం, దీపాల గురి, పొగ, వేగమాపకం తనిఖీ చేయడం అందులో భాగాలు. దీని వల్ల విశ్వసనీయత పెరుగుతుందనడంలో సందేహం లేదు, ఈ ఇన్‌స్పెక్టరు పాస్ చేసిన కారును ఆ ఇన్‌స్పెక్టరు ఆపేయడం తగ్గుతుంది. ప్రామాణికత మాత్రం యంత్రం పెట్టినంత మాత్రాన రాదు.

రోలర్ పరీక్ష చెప్పే సంగతి తక్కువదేమీ కాదు. నాలుగు చక్రాల బ్రేకు బలాన్ని కూడి కారు బరువుతో భాగిస్తే వచ్చే శాతాన్ని బ్రేకు సామర్థ్యం అంటారు. బ్రిటన్ పరీక్షలో పాత కార్లకు అది కనీసం 50 శాతం ఉండాలి, ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య తేడా 30 శాతం దాటకూడదు. సుమారు 750 కిలోల స్పిట్‌ఫైర్‌కు ఇది 375 కిలోల బలంతో సమానం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 50 శాతం సామర్థ్యంతో కారు ఆగడానికి, డ్రైవరు స్పందించే సమయం కలపకుండా, సుమారు 28 మీటర్లు కావాలి. సామర్థ్యం 35 శాతానికి పడితే 40 మీటర్లు. ఔటర్ మీద 120 వేగంలోనైతే ఈ అంకెలు 113, 162 మీటర్లు. యంత్రం ఈ తేడాను కచ్చితంగా పట్టుకుంటుంది, షెడ్డు ముందు రోడ్డు మీద ఒకసారి గట్టిగా తొక్కి చూసే పద్ధతి పట్టుకోలేదు. కాని అది ఒక రోజు, చల్లని బ్రేకులతో, పొడి రోలర్ల మీద తీసిన లెక్క.

పొగ పరీక్షలో ప్రామాణికత ఇంకా బలహీనం. పాత పెట్రోలు కార్లకు ఇక్కడి పరిమితి ఇంజను ఖాళీగా తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం. స్పిట్‌ఫైర్‌కు ఉండే జంట ఎస్‌యూ కార్బొరేటర్ల కింద ఉన్న జెట్ నట్టును కొద్దిగా తిప్పి పెట్రోలు తగ్గించి పరీక్ష దాటించడం, ఇంటికి వచ్చాక మళ్లీ యథాస్థితికి తిప్పడం అయిదు నిమిషాల పని. అప్పుడు పరీక్ష కొలిచింది కారును కాదు, ఆ నట్టును.

తుప్పు విషయంలో ఈ ప్రాంతానికి ఒక వరమూ ఒక శాపమూ ఉన్నాయి. దక్కను పీఠభూమి పొడి గాలి వల్ల విశాఖపట్నంలోనో చెన్నైలోనో సముద్రపుటొడ్డున ఉన్న కారు కన్నా ఇక్కడి కారు రేకు ఎక్కువకాలం నిలవాలి. కాని పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాన్ని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో తీవ్ర కాలుష్య పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో చేర్చింది. తేమ గాలిలో ఆమ్ల వాయువులు కలిస్తే ఉక్కు తుప్పు వేగం పుంజుకుంటుందన్నది రసాయన శాస్త్రంలో పాత విషయమే. చట్రం మీది తుప్పు రంధ్రాన్ని కొత్త రేకు వేసి వెల్డింగ్ చేయించేవాడూ ఉంటాడు, పుట్టీ నింపి రంగు కొట్టించేవాడూ ఉంటాడు. డెంటింగ్, పెయింటింగ్ పనితనం బాగుంటే తనిఖీ రోజున ఇద్దరి కార్లూ ఒకేలా మెరుస్తాయి. అయస్కాంతం ముక్క పెట్టి చూస్తే పుట్టీ మీద అంటుకోదు గనుక తేడా తెలుస్తుంది, అయినా చట్రపు ఉక్కు లోపలి వైపు నుంచి ఎంత పలచబడిందో ఆ అయస్కాంతం చెప్పలేదు.

ఇక్కడే ఈ పారిశ్రామికవాడలు పనికి వస్తాయి. బొల్లారం, పాశమైలారాల మందుల కంపెనీలకు రియాక్టర్లూ ట్యాంకులూ తయారుచేసే ఫ్యాబ్రికేషన్ షాపుల్లో కంటికి కనిపించని లోపాన్ని వెతకడం నిత్యకృత్యం. వస్తువును పాడుచేయకుండా లోపాన్ని కనిపెట్టే ఈ పద్ధతులన్నిటినీ కలిపి ‘ఎన్డీటీ’ అంటారు. అందులో అతి చవకైనది డీపీ టెస్టు: వెల్డింగ్ అతుకును శుభ్రంచేసి, ఎర్రని పలచని ద్రవాన్ని స్ప్రే చేసి, అది పగుళ్లలోకి ఇంకేదాకా కొన్ని నిమిషాలు ఆగి, పైపైన తుడిచేసి, తెల్లని పొడి స్ప్రే చేస్తారు, పగులు ఉంటే తెల్లని పూత మీద వెంట్రుక లాంటి ఎర్ర గీత ఊరి పైకి వస్తుంది. కంచు ట్రనియన్ దిమ్మెకు ఈ పద్ధతి చాలు. ఉక్కు కడ్డీకి మాత్రం మర చుట్టల సందుల్లో ఎర్ర రంగు ఎటూ నిలిచి తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి, దాన్ని అయస్కాంతీకరించి ఇనుప పొడి చల్లి పగులు దగ్గర పొడి పోగయ్యేలా చేసే ‘ఎంపీ’ టెస్టు మేలు. చట్రం రేకు మందాన్ని కొలవడానికి ట్యాంకుల గోడలకు వాడే అల్ట్రాసోనిక్ గేజి ఉంది. గేజి కొనను ఒక పక్క ఆనించి, అతిధ్వని తరంగం అవతలి అంచు తాకి తిరిగి వచ్చే సమయాన్ని బట్టి మందం ఎంతో మిల్లీమీటరులో పదో వంతు దాకా చెబుతుంది. ఫిట్‌నెస్ పరీక్ష చూడలేని మూడు విషయాలకూ సమాధానం పటేల్‌గూడ నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉందన్నమాట.

ఆ కర్మాగారాల్లోనే ఉండే బాయిలరును ప్రభుత్వం ఎలా చూస్తుందో గమనిస్తే కారు పరీక్షలోని లోటు మరింత తేటపడుతుంది. 1923 నాటి బాయిలర్ల చట్టం కాలం నుంచీ బాయిలరు ధ్రువపత్రం సాధారణంగా 12 నెలలకు మించి చెల్లదు. తనిఖీకి ముందు దాన్ని చల్లార్చి, నీరు తీసేసి, తెరిచి, లోపల గోకి శుభ్రంచేసి ఇన్‌స్పెక్టరుకు చూపడం యజమాని బాధ్యత. బాయిలరు పాతబడిందని గడువు పెంచరు, మూసి ఉన్నదాన్ని చూసి సంతకం పెట్టరు. కారును ఇలా విప్పి చూపమని చట్టం ఎన్నడూ అడగకపోవచ్చు, లక్షల వాహనాల విషయంలో అది ఆచరణసాధ్యమూ కాదు. రాష్ట్రంలో లెక్కకు కొద్దిగా ఉండే వింటేజ్ వాహనాల విషయంలో మాత్రం, కమిటీ వేసి అసలు రూపాన్ని పరిశీలించే శ్రమ ఎలాగూ తీసుకుంటున్నప్పుడు, పగుళ్ల పరీక్ష నివేదికనూ టైర్ల తేదీలనూ దరఖాస్తుకు జతపరచమని అడగడం పెద్ద భారం కాదు.

స్థానిక నైపుణ్యం గురించి ఒక హెచ్చరిక అవసరం. రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ, బాలానగర్‌లో 1968లో ఏర్పడిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ వంటి చోట్ల పని నేర్చిన టర్నర్లకూ ఫిట్టర్లకూ ఈ ప్రాంతంలో కొదవ లేదు. దొరకని విడిభాగాన్ని నమూనా చూసి లేత్ మీద దించగలరు. అయితే లేత్ ఇచ్చేది కొలతను. అసలు కడ్డీని సమ్మెటతో సాగగొట్టి తయారుచేసిన ఉక్కుతో చేశారు. మామూలు మైల్డ్ స్టీల్ కడ్డీని తెచ్చి అదే కొలతకు తిప్పితే అది బిగుస్తుంది, ఊపి చూస్తే ప్లే ఉండదు, ఫిట్‌నెస్ పరీక్షలోనూ నెగ్గుతుంది, ఒక పెద్ద గోతిలో వంగుతుంది. రియాక్టరు పలకకు మెటీరియల్ సర్టిఫికెట్టూ, ఆ ఉక్కు ఏ కొలిమి పోతదో చెప్పే హీట్ నంబరూ అడగకుండా ఏ ఫ్యాబ్రికేటరూ కోత మొదలుపెట్టడు. చక్రాన్ని మోసే ముక్కకు అడగకపోవడం ఆశ్చర్యమే. బుష్‌లూ బ్రాకెట్లూ లేత్ మీద చేయించుకోవచ్చు, చక్రాన్నీ స్టీరింగునూ బ్రేకునూ మోసే భాగాలు మాత్రం తయారీ ప్రమాణాలు తెలిసిన చోటి నుంచి తెప్పించుకోవాలి.

ఫిట్‌నెస్ కాగితానికి విలువ లేదనడం ఈ విశ్లేషణ ఉద్దేశం కాదు. బ్రేకు అసమానత, దీపాల గురి, అరిగిన కీళ్లు, కారే గొట్టాలు, ఇవన్నీ యజమాని కళ్లకు అలవాటై కనిపించకుండా పోయే లోపాలు; వాటిని కొత్త కళ్లతో చూసేది ఆ పరీక్షే. బ్రిటన్‌లో మినహాయింపు ఉన్న కార్లను కూడా కొందరు యజమానులు స్వచ్ఛందంగా పరీక్షకు తీసుకువెళ్లడానికి కారణం అదే, అక్కడ ఏ కారు ఏ ఏడాది ఏ కారణంగా తప్పిందో నంబరు కొట్టి ఎవరైనా చూడగలిగే ఏర్పాటు కూడా ఉంది. అలాంటి బహిరంగ చరిత్ర ఇక్కడి కార్లకు లేదు కాబట్టి, పాత కారు కొనేవాడి ముందు నిలిచేది చెల్లుబాటు తేదీ ఒక్కటే. ఆ తేదీ కారు బాగోగులకు కొలమానం కాదని అతడికి చెప్పేవారు ఉండరు.

తెలంగాణలో దసరాకు వాహనాలను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజ చేయడం ఆనవాయితీ. పాత స్పోర్ట్స్ కారు ఉన్న శ్రోతలు ఆ పూజకు ఓ వారం ముందు కారును నమ్మకమైన షెడ్డుకు తీసుకువెళ్లి, నాలుగు చక్రాలూ విప్పించి, బ్రేకు ఆయిల్ మార్పించి, గొట్టాలను వంచి చూసి, ట్రనియన్లలో గ్రీజు తీయించి గేర్ ఆయిల్ పోయించి, టైర్ల మీది నాలుగు అంకెలను ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి; రెండు మూడేళ్లకోసారి ముందు కడ్డీలను విప్పించి పగుళ్ల పరీక్షకు పంపాలి. ఆర్‌సీలో చెల్లుబాటు ఇంకా ఎనిమిదేళ్లు మిగిలి ఉన్నా సరే.